అరమాయిక్ 'ది' గారికి ఒక విద్యార్థి అర్జీ

అయ్యా 'ది' గారూ,

అరమాయిక్ అనే పాత భాషలో తమరొక చిన్న మాట. చూడబోతే రెండే అక్షరాలు, దాలెత్, యోద్. లింగం లేదు, వచనం లేదు. వ్యాకరణం పుస్తకం తమరిని అవ్యయం అంటుంటే, పాపం చిన్న ఉద్యోగి అనుకున్నాను. బైబిల్లోని దానియేలు గ్రంథం రెండో అధ్యాయం నాలుగో వచనం మధ్యలో హీబ్రూ ఆగిపోయి అరమాయిక్ మొదలయ్యాక తెలిసింది, ఆఫీసులో సగం కుర్చీలకు తమరే ఇన్‌చార్జి అని.

మూడో అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరు అరవై మూరల విగ్రహం చేయించాడు. 'సెలెమ్ ది దెహబ్', బంగారపు విగ్రహం. ఇక్కడ తమరు 'యొక్క' అన్నమాట, సరే. తర్వాతి వచనంలోనే 'సల్మా ది హకేమ్', అంటే రాజు నిలబెట్టిన విగ్రహం. అప్పుడే కుర్చీ మారారు! అంతకుముందు రెండో అధ్యాయంలో రాజోద్యోగి అర్యోకు రాజుతో 'ఒక మనిషి దొరికాడు' అని చెప్పేచోట ఆ 'అని' కూడా తమరే. మా 'అని' మాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టి చివర్లో వస్తుంది. తమరు మాటకంటే ముందే హాజరు. రాజు కలలో చేతులు పెట్టకుండా తెగిపడ్డ రాయి దగ్గరేమో 'కాదు' అనే 'లా'ను వెంటబెట్టుకొచ్చి 'లేకుండా' అయ్యారు. 'అద్' పక్కన నిలబడితే 'వరకు'.

ఒక్కచోట మాత్రం తమరి మీద ప్రేమ పుట్టింది. 'షెమేహ్ ది ఎలాహా'. ఉన్నదున్నట్టు చెబితే 'ఆయన పేరు, దేవుడిది'. దేవుడి'ది'! నాది, నీది, మనది... చుట్టరికం దొరికిందని క్లాసులో గట్టిగా అరిచాను. వట్టి పోలికేనయ్యా కూర్చో అన్నారు మాస్టారు.

అసలు గోడు ఇదీ. పరీక్షలో 'ఈ వచనంలో ది అర్థం తెలుగులో రాయుము' అని అడిగారు. 'నిలబెట్టిన విగ్రహం'లో తమరెక్కడున్నారండీ? మా క్రియ చివరి 'ఇన' తమరిని మింగేసి మూతి తుడుచుకుంది. 'ఏమీ లేదు' అని రాశాను. సున్నా వేశారు. 'ఏదైతే' అని రాసిన పక్కబెంచీవాడికి రెండు మార్కులు. రాజు ఏదైతే నిలబెట్టాడో ఆ విగ్రహం అని మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

కాబట్టి ఏదో ఒక్క కుర్చీలో స్థిరపడవలసిందిగా మనవి. పనిలో పనిగా ఇంకొకటి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఈజిప్టు ఎలిఫెంటైన్ దీవిలో రాసిన పత్రాల్లో తమరి పేరు ఎక్కువగా 'జీ' అని ఉంది. తర్వాతి కాలపు అరమాయిక్ అయిన సిరియాక్‌లోకొచ్చేసరికి ఒట్టి 'ద'గా చిక్కిపోయి పక్కమాటకు అతుక్కున్నారు. పేరు మార్చుకున్నట్టు గెజిట్ కాపీ ఉంటే జతపరచగలరు.

ఇట్లు,
రెండు మార్కులు బాకీ ఉన్నవాడు