గర్భిణి షుగర్‌పై ఆ మెసేజ్‌ని నమ్మకండి

కరోనా రోజుల్లో ఫోన్ల నిండా తిరిగి, ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే సలహా ఇది: "కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వస్తే ఆస్పత్రికి వెళ్లొద్దు. అన్నం మానేసి రాగి జావ తాగండి. ఇన్సులిన్ బిడ్డకు ప్రమాదం. కాన్పుతో షుగర్ పోతుంది."

ముందు ఇన్సులిన్ సంగతి. ఈ భయంతోనే ఎక్కువ నష్టం జరుగుతోంది. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ దాదాపుగా చేరదు. తల్లికి షుగర్ ఎక్కువైతే బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ అదనంగా తయారై, బిడ్డ లావెక్కుతుంది. పుట్టి బొడ్డు కోశాక తల్లి గ్లూకోజు ఆగిపోతుంది, ఆ ఇన్సులిన్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దాంతో పసికందుకి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టర్ రాసిన ఇన్సులిన్ దీన్ని ఆపడానికే.

రాగులు మంచివే, కానీ అవీ పిండిపదార్థమే. పల్చటి జావ త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది. అలాగని కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి, కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరుగుతాయి. కొద్దిగా అన్నం, దండిగా కూర, పప్పు, గుడ్డు తినండి. డాక్టర్ వద్దనకపోతే, తిన్నాక పది నిమిషాలు ఇంట్లోనే నడవండి.

ఆస్పత్రి అంటే భయం అప్పట్లో నిజమే. అందుకే 2020 ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ మొదలై, ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే వీలొచ్చింది. కానీ డాక్టర్‌కి చెప్పడానికి మన దగ్గర రీడింగులు ఉండాలి కదా! మామూలుగా పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. గ్లూకోమీటర్ వాడేముందు సబ్బుతో చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. మామిడిపండు తిన్న వేలిని కడక్కుండా గుచ్చితే లేని షుగర్ కనిపిస్తుంది, శానిటైజర్ తడి ఉన్నా లెక్క తప్పొచ్చు. వేలి కొసన నడిమధ్య కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా ఫోన్ చాలదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పైగా గర్భిణికి షుగర్ ఉంటే కరోనా ముదిరే ముప్పు ఎక్కువ.

కాన్పయ్యాక చాలామందికి షుగర్ మామూలుకొస్తుంది, అది నిజం. అయితే వీళ్లకు ముందుముందు టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. అందుకే ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి మళ్లీ టెస్ట్ చేయాలి. పసిబిడ్డ హడావిడిలో ఇంట్లో అందరూ మరిచిపోయేది దీన్నే. ఆరో వారంలో బిడ్డ టీకాలకు ఎలాగూ వెళ్తారు, అదే రోజు తల్లికీ ఈ టెస్ట్ చేయించండి.