గ్యాసూ, ఊపిరీ

మా బావమరిది రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలడట. అత్తారింట్లో భోజనాల దగ్గర వాడీ మాట అనగానే మా ఆవిడ నా వంక ఓ చూపు చూసింది. దానికి జవాబుగానే ఆదివారం పొద్దున హాల్లో దివాన్ మీద వెల్లకిలా పడుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. నీళ్లలో ఒంటరిగా ఈ వేషాలేసి స్పృహ తప్పితే పైకి లాగే దిక్కుండదు, అందుకని దివానే. ముందు గబగబా పది ఊపిర్లు తీసుకోమని బావమరిది ఇచ్చిన సలహా కూడా పక్కనపెట్టాను. దానివల్ల ప్రాణవాయువు పెద్దగా పెరగదు, లోపలి అలారం నోరు నొక్కినట్టవుతుంది, అంతే.

మొదటి ముప్పై సెకన్లు స్వర్గం. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కూడా ముద్దుగా కనిపించింది. (దులపమని చెప్పి నెలైంది.) నలభై దాటాక గొంతు గుటక అడిగింది. వేశాను. ఇంకోటి అడిగింది. యాభైకి ఛాతీలో వేడి మొదలైంది.

గాలి చాలకే ఈ యాతన అనుకుంటాం గానీ, అప్పటికి రక్తంలో ప్రాణవాయువు బోలెడుంటుంది. పేరుకుపోయేది బొగ్గుపులుసు వాయువు. మెదడు అడుగున ఉండే కాండం ముఖ్యంగా దాని మీదే కన్నేసి ఉంచుతుంది. అంటే సిలిండర్ ఖాళీ కాలేదు, వంటింట్లో పొగ నిండిందన్నమాట.

సరిగ్గా అరవయ్యో సెకనుకి గుమ్మంలో కేక: "గ్యాస్!"

మా ఆవిడ స్నానానికెళ్లింది. కుర్రాడు సిలిండర్ దించి, "సార్, ఓటీపీ" అన్నాడు.

రాత్రి వచ్చిన నంబరు గుర్తుంది, 4072. నాలుగు వేళ్లు చూపించాను. "నాలుగు" అన్నాడు. సున్నాకి పిడికిలి చూపిస్తే ఓ అడుగు వెనక్కేశాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చుట్టాను. "థాంక్స్ సార్! ఓటీపీ చెప్పండి."

ఏడు చూపిద్దామని రెండు చేతులూ ఎత్తేసరికి ఊపిరితిత్తుల కింద పరుచుకుని ఉండే కండరం, డయాఫ్రం, మొదటి తన్ను తన్నింది. ఎక్కిలి లాంటిదే గానీ శబ్దం లేదు, లోపల్నుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు పొట్ట ఎగిరిపడుతుంది. మూడో తన్నుకి కుర్రాడు వంగి చూశాడు. "వాంతొస్తుందా సార్? బకెట్ తెమ్మంటారా?"

"ఏడూ... రెండూ!" అని పేలిపోయాను. 1 నిమిషం 24 సెకన్లు.

2009లో స్టెఫాన్ మిఫ్సూద్ అనే ఫ్రెంచాయన 11 నిమిషాల 35 సెకన్లు బిగబట్టాడు. ఆ పూట ఆయనకి గ్యాస్ బుక్ చేసి ఉండరు.

ముప్పై కిలోల బరువు మూడంతస్తులు మోసుకొచ్చిన కుర్రాడు ఈల వేసుకుంటూ దిగిపోయాడు. నేను సిలిండర్‌కి చేరగిలబడి, చెమటలు కక్కుతూ రొప్పుతున్నాను. అప్పుడే మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"అయ్యో, కిందనుంచి మీరే మోసుకొచ్చారా?" అంది జాలిగా.

ఊపిరి అందడం లేదు కదా, నేనేమీ మాట్లాడలేదు.