వైరస్ అంటే కణం పారేసే చెత్త కాదు

కరోనా రోజుల్లో మొదలై ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. దాని సారాంశం ఇది: "వైరస్‌లు లేనే లేవు. ఒంట్లో విషం చేరితే కణాలు దాన్ని చిన్న బుడగల్లో పెట్టి బయటికి నెట్టేస్తాయి, వాటినే ఎక్సోసోమ్‌లంటారు. మైక్రోస్కోప్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. ఈ సంగతి ఒక హెచ్‌ఐవీ పరిశోధకుడే ఒప్పుకున్నాడు. అసలు వైరస్‌ని ఎవరూ విడదీసి చూపించలేదు." బయాలజీ చదివినవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే కోపం వస్తోంది. ఇందులో కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే ఇంతగా నమ్ముతున్నారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"విషాన్ని నెట్టేసే బుడగలు." ఎక్సోసోమ్‌లు ఉన్న మాట నిజం, విషం మాట అబద్ధం. కణం పైపొరలో వేల రకాల ప్రొటీన్లుంటాయి, వాటిలో ఏది ఉండాలి, ఏది పోవాలి అని కణం ఎప్పటికప్పుడు ఏరుతూనే ఉంటుంది. అక్కర్లేని చాలా ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు తగిలిస్తుంది, వాటిని లోపలికి లాగి ఎండోసోమ్ అనే సంచిలో చేరుస్తుంది. అక్కడ ఎస్కార్ట్ అనే ప్రొటీన్ల బృందం ఆ గుర్తును పట్టుకుని, ఆ ప్రొటీన్లున్న పొర ముక్కను బుడగలా చేసి సంచి లోపలికే తెంపుతుంది. ఎక్కువ సంచులు కణంలో చెత్తను అరిగించే లైసోసోమ్‌కి వెళ్లి అరిగిపోతాయి. కొన్ని మాత్రం కణం పైపొరతో కలిసిపోయి లోపలి బుడగల్ని బయటికి వదులుతాయి, అవే ఎక్సోసోమ్‌లు. 1983లో వీటిని గమనించినది ఎదుగుతున్న ఎర్ర రక్తకణాల్లో, కణానికి ఇనుము అందించే, ఇక అవసరం లేని ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం అనే ప్రొటీన్‌ని అవి ఇలాగే వదిలించుకుంటున్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలోనూ, మూత్రంలోనూ, తల్లిపాలలోనూ ఎక్సోసోమ్‌లుంటాయి.

"రెండూ ఒకేలా ఉంటాయి." కొన్ని వైరస్‌లు అలా కనిపిస్తాయి, కానీ ఎందుకో ఆ మెసేజ్ చెప్పదు. హెచ్‌ఐవీకి గాగ్ అనే ప్రొటీన్ ఉంది. దాని చివర దగ్గర ప్రోలిన్, త్రియోనిన్, అలనిన్, ప్రోలిన్ అని నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది. ఎస్కార్ట్ బృందంలోని టీఎస్‌జీ101 అనే ప్రొటీన్ మామూలుగా మన కణానికి చెందిన ఇంకో ప్రొటీన్‌లో దాదాపు ఇలాంటి వరుసనే పట్టుకుంటుంది, వైరస్ ఆ పట్టునే కాపీ కొట్టింది. 2001లో కణాల్లో టీఎస్‌జీ101ని తగ్గించి చూశారు: హెచ్‌ఐవీ కణికలు బయటికి ఉబ్బాయి గానీ తెగలేదు, పొరకి అంటుకుని అలాగే వేలాడాయి. అంతకు పదేళ్ల ముందే ఇంకోవైపు నుంచి కూడా చూశారు, కణాన్ని ముట్టుకోకుండా వైరస్ జీన్‌లోనే ఆ భాగం మారిస్తే అదే ఫలితం. కణం తన చెత్తను తానే పారేస్తోందంటే, వైరస్ జీన్‌లో నాలుగు అమైనో ఆమ్లాలు మారిస్తే ఆ పని ఎందుకు ఆగిపోవాలి? హెచ్‌ఐవీతో ఏ చుట్టరికమూ లేని ఎబోలా కూడా తన వీపీ40 ప్రొటీన్‌లో సరిగ్గా ఆ నాలుగింటినే పెట్టుకుంది.

ఇక ఇన్‌ఫ్లుయెంజాకి ఎస్కార్ట్‌తో పని లేదు, పొర తెంపుకోవడానికి దానికి సొంత ఎం2 ప్రొటీన్ ఉంది. పోలియో వైరస్‌కి చుట్టూ పొరే ఉండదు. మన రైతులందరికీ తెలిసిన బెండ పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చేది, దాని వైరస్‌కీ పొర లేదు. పొర లేనిదాన్ని ఎక్సోసోమ్ అని ఎలా అంటారు?

"పరిశోధకుడే ఒప్పుకున్నాడు." ఆయన జేమ్స్ హిల్‌డ్రెత్. ఇద్దరు సహచరులతో కలిసి 2003లో ఒక ప్రతిపాదన చేశారు: హెచ్‌ఐవీ లాంటి రెట్రోవైరస్‌లు ఎక్సోసోమ్‌లు తయారయ్యే దారినే వాడుకుని పుడతాయి, వ్యాపిస్తాయి అని. వైరస్ లేదని కాదు, వైరస్ ఎంత గడుసుదో చెప్పడానికి రాసింది. దొంగ పోలీసు జీపెక్కి పారిపోతే దొంగే లేడని ఎవరైనా అంటారా?

హెచ్‌ఐవీ అక్కడితోనూ ఆగదు. కణం ఏరివేత పనిని తనకి కావలసినట్టు తిప్పుకుంటుంది. దాని నెఫ్ అనే ప్రొటీన్, హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి పట్టుకునే సీడీ4ని, రోగనిరోధక కణాలకు ఆనవాలిచ్చే ఎంహెచ్‌సీ-1ని పైపొర మీద లేకుండా చేస్తుంది. బయటికొస్తున్న వైరస్‌ని పొరకి కట్టేసే టెథరిన్ అనే ప్రొటీన్ మన కణాలకుంది, దాన్ని తీయించేయడానికి వైరస్ దగ్గర వీపీయూ అనే సొంత జీన్ ఉంది. పారేసిన చెత్తకి ఇన్ని సొంత జీన్లు ఎందుకు?

ఈ వాదనలతో ప్రాణాలు పోయాయి కాబట్టే ఇంత రాస్తున్నాను. ఎయిడ్స్‌కి హెచ్‌ఐవీ కారణం కాదన్న మాటలు నమ్మి దక్షిణాఫ్రికాలో అప్పటి అధ్యక్షుడు మ్బెకీ ప్రభుత్వం మందులివ్వడం ఆలస్యం చేసింది. 2000 నుంచి 2005 దాకా అందువల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. మన దగ్గర హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మాత్రలు తీసుకుంటున్నవాళ్ల ఫోన్లకీ ఇదే మెసేజ్ వెళ్తుంది. దయచేసి అది చూసి ఒక్క మాత్ర కూడా ఆపకండి.

"ఎవరూ విడదీయలేదు." పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) 2020లోనే కరోనా వైరస్‌ని విడదీసి పెంచింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ కొవాగ్జిన్ చేసింది ఆ వైరస్‌తోనే, వెరో కణాల్లో పెంచి, రసాయనంతో నిర్వీర్యం చేసి. వెరో కణాలు ఆఫ్రికా కోతి కిడ్నీ నుంచి వచ్చినవి. వాటిలో వైరస్ వేస్తే బయటికొచ్చేది సుమారు 30,000 అక్షరాల జన్యుక్రమం, ఒకటీ అరా తేడా తప్ప రోగి ముక్కులోంచి తీసినదే. వైరస్ వేయకుండా అవే కణాల్ని పెంచితే ఎక్సోసోమ్‌లు వస్తాయి గానీ ఆ జన్యుక్రమం రాదు. అది మన జీనోమ్‌లో లేదు, కోతి జీనోమ్‌లోనూ లేదు.