విక్సెన్ గారూ, ఇల్లు మారినప్పుడు చెప్పాలా వద్దా?

శ్రీమతి విక్సెన్ గారికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నమంతా మీ కోసం డిక్షనరీలో ఎఫ్ అక్షరాన్ని జల్లెడ పట్టిన అభాగ్యుణ్ణి. మా అమ్మాయి హోంవర్కులో ఫాక్స్‌కు స్త్రీలింగం అడిగారు. లయన్‌కు లయనెస్, టైగర్‌కు టైగ్రెస్. ఇందులో టెన్షన్ ఏముంది, 'ఫాక్సెస్' అని రాయించాను. "అంటే బోలెడు నక్కలు కదా నాన్నా?" అంది.

పరువు కోసం డిక్షనరీ తీశాను. మొగుడున్న వీధిలోనే పెళ్ళాం ఉంటుందనుకోవడం నా తప్పే. రెండు గంటలు వెతికాక అమ్మాయి ఫోన్‌లో అర నిమిషంలో పట్టేసింది. ఆడనక్క అంటే విక్సెన్ అట, మీరు 'వి'లో ఉన్నారట. వి!

మీ అసలు పేరు ఫిక్సెన్ అట కదండీ. దక్షిణ ఇంగ్లండు పల్లెల్లో మాట మొదట్లో ఎఫ్ వస్తే వి అని పలికేవారు, అందుకే విక్సెన్ అయ్యారు. సరే, యాస అన్నాక తప్పదు. కానీ అక్కడ మీ ఆయన్ని కూడా వాక్స్ అనే పిలిచేవారు! పుస్తకాల భాషలోకి వచ్చేటప్పుడు ఆయన ఎఫ్ వేసుకుని దర్జాగా వచ్చాడు, మీరు మాత్రం పల్లె వి తోనే దిగిపోయారు. పక్కిళ్ళలో మీలాగే వచ్చిన వ్యాట్ (పెద్ద తొట్టి), వేన్ (గాలి దిశ చూపే రేకు). గుర్తుపట్టడానికి ఆ సంసారంలో మిగిలిందేమిటి, ఒక్క ఎక్స్ తప్ప?

'ఇ-డబ్ల్యూ-ఇ' గారి మీదా నాకు కోపమే. ఆడ గొర్రె అయ్యుండి, పలికితే 'యూ' అని వినబడి, రాస్తే ఇంకోలా కనబడుతుంది. ఆవిడ సంగతి తర్వాత చూస్తాను.

ఇంకోటి. మీ ఆయన పేరు మగవాడికి పెడితే జిత్తులమారి అని కాస్త మెచ్చుకోలు కూడా ఉంటుంది. మీ పేరు ఆడమనిషికి పెడితే గయ్యాళి. 1570ల నుంచీ ఇదే వరస. షేక్‌స్పియర్ నాటకం 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో హెలెనా తన స్నేహితురాలు హెర్మియాను, బడికెళ్ళే రోజుల్లోనే విక్సెన్ అని దెప్పుతుంది. ఇది రాసినవాళ్ళకి సిగ్గుండాలి! ఇక్కడ నా నక్క వినయం పనిచేయడం లేదు, క్షమించండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మీ చివరున్న ఆ 'ఎన్' తోక ఒకప్పుడు ఆడ తోడేలుకీ ఉండేది, దేవతకీ ఉండేది. తోడేలుది ఊడిపోయింది. దేవతగారు ఫ్రెంచి వాళ్ళ 'ఎస్' తగిలించుకుని గాడెస్ అయ్యారు. నేటి ఇంగ్లిష్‌లో పాత తోకతో తిరుగుతున్నది మీరొక్కరే. మొండిఘటం.

మా డిక్షనరీలో ఫాక్స్ పక్కన పెన్సిలుతో రాసిపెట్టాను: "ఆవిడ ఇక్కడ ఉండరు. వి లో అడగండి."

ఇట్లు,
బోలెడు నక్కల నాన్న