సవరణ: కురొసావాతో ఎక్కువ సినిమాలు చేసింది షిమురా

మొన్న జపాన్ నటుడు తొషిరో మిఫునే గురించి పెట్టిన పోస్టులో, అక్కడి దర్శకుడు అకీరా కురొసావా సినిమాల్లో అందరికంటే ఎక్కువసార్లు నటించింది ఆయనేనని రాశాను. అది తప్పు. తారాగణం జాబితాలు వరసగా చూస్తే మిఫునేవి 16, తకాషి షిమురావి 21. కురొసావా తొలి సినిమా (1943) నుంచే షిమురా ఉన్నారు, 1980 నాటి ‘కగేముషా’లోనూ కనిపిస్తారు. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

‘ఇకిరు’ (1952)లో మంచు కురుస్తుంటే పిల్లల పార్కులో ఉయ్యాల మీద కూర్చుని, చావుకు దగ్గరపడ్డ ఆఫీసరుగా సన్నగా పాడుకునేది ఈయనే. ‘సెవెన్ సమురాయ్’లో పసిబిడ్డను కాపాడటానికి సన్యాసి వేషం వెయ్యాలని గుండు చేయించుకునే పెద్దాయనా ఈయనే. అదే ఏడాది, 1954లో, ‘గాడ్జిల్లా’లో శాస్త్రవేత్త!

మిఫునేకి వెనిస్ చలనచిత్రోత్సవంలో 1961, 1965లో ఉత్తమ నటుడి అవార్డులు వచ్చాయన్న మాట మాత్రం సరైనదే. పాత పోస్టులో ‘అందరికంటే ఎక్కువసార్లు’ అన్న ఆ ఒక్క వాక్యం మార్చాను.