24 వోల్టుల గోల

తలకు రంగు సగం పట్టించాను. మిగతా సగం పట్టించేలోపు భవనమంతా సైరన్ మోగింది. మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాను. తక్కినవాళ్ళంతా తీరిగ్గా లిఫ్టులో దిగారు. అగ్నిప్రమాదం జరిగితే లిఫ్టు వాడవద్దని అక్కడే ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది, పైన ఎవరో ట్యూషన్ల ప్రకటన అంటించారు.

మా భవనంలో అలారం మోగితే మంట ఎక్కడని ఎవరూ అడగరు. ఇదెలా ఆగుతుందని అడుగుతారు. ఆ ప్రశ్న నా నెత్తిన పడింది, ఇంజనీరునట. వడ్డీ లెక్కల సాఫ్ట్‌వేరు రాసే ఇంజనీరునని చెప్పుకునే వ్యవధి సైరన్ ఇవ్వలేదు.

అలారాన్ని నడిపే ప్యానెల్ సెల్లారులో, కిటికీ లేని గదిలో, చీపుళ్ళ వెనక ఉంది. మూడో జోన్, అంటే మూడో అంతస్తు, దగ్గర ఎర్ర దీపం వెలుగుతోంది. ముందు ఆ అంతస్తుకు వెళ్ళి చూడాలి, మంట లేదని తేలాకే సైలెన్స్ నొక్కాలి, ఆ తర్వాతే రీసెట్. ఈ వరుస రాసిన కాగితం ఒకప్పుడు గోడకు ఉండేది. అందంగా లేదని సంఘం అధ్యక్షుల వారు తీయించేశారు.

"ఎవరైనా మూడో అంతస్తు చూసి రండి" అన్నాను. అధ్యక్షుల వారికి వినపడలేదు, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉన్నారు. ఆ వేళ్ళు తీసిన మరుక్షణం వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశారు. "కరెంటే లేకపోతే ఎలా మోగుతుందో చూద్దాం!"

మోగింది. నిప్పంటుకుంటే ముందు కరెంటే పోతుందని ఆ యంత్రం తయారుచేసినవాళ్ళకు తెలుసు. అందుకే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి, 24 వోల్టులతో గంటల తరబడి కాపలా కాసే ఏర్పాటు చేశారు. దీపాలు ఆరాయి. కోశాధికారితో సహా లిఫ్టు మధ్యలో ఆగింది. కరెంటు పోయిందని గ్రహించిన ప్యానెల్ పసుపు దీపం కూడా వెలిగించి, లోపలి బజర్‌తో విడిగా కీచుమనడం మొదలుపెట్టింది. ఏడుస్తున్న పిల్లవాణ్ణి గదిమితే పక్కవాడూ అందుకున్నట్టు!

ఆ చీకట్లో ఎవరో ఫోను దీపం నా ముఖం మీద వేశారు. పరుగుకు పట్టిన చెమటతో రంగు కరిగి నుదుటి మీదుగా, చెంపల మీదుగా, గడ్డం దాకా నల్లగా కారుతోంది. తల ఒకవైపు నలుపు, మరోవైపు బూడిద రంగు. "అమ్మో, మసి! నిజంగానే అంటుకుంది!" అని ఒకావిడ కేక పెట్టింది. 24 వోల్టులు చెప్పినా నమ్మని జనం నా ముఖం చూసి నమ్మారు. గది క్షణంలో ఖాళీ. అందరికన్నా ముందు పరుగెత్తింది అధ్యక్షుల వారే. అలారం వ్యవస్థకు అంత ఖర్చు దేనికో నాకిప్పటికీ అర్థం కాదు, వారానికొకసారి నన్ను వరండాల్లో తిప్పితే చాలేది.

మూడో అంతస్తులో మంట లేదు. అధ్యక్షుల వారి ఇంట్లోనే యంత్రంతో గోడల పుట్టీ రుద్దిస్తున్నారు. తలుపు బార్లా తీసి ఉంది. పొగను పట్టే డిటెక్టర్ లోపలి చీకటి గదిలో కాంతి దేనికైనా తగిలి చెదిరితే చాలు, అది పొగా, దుమ్మా, ఆవిరా అని దానికి తేడా తెలియదు. దుమ్ము పనులప్పుడు తొడగాల్సిన ప్లాస్టిక్ మూతలు సంఘం బీరువాలో భద్రంగా ఉన్నాయి. సైలెన్స్ నొక్కితే సైరన్ ఊరుకుంది. రీసెట్ నొక్కితే కాసేపటికి మళ్ళీ అందుకుంది, లోపల ఇంకా దుమ్ముంది మరి. అది సర్దుకున్నాక నొక్కితే నిలిచింది.

దుమ్ము సర్దుకోవడానికి కారణం కరెంటు లేక పుట్టీ యంత్రం ఆగిపోవడం. అంటే మెయిన్ దించడం వల్లే అలారం ఆగిందన్నమాట. ఈ మాట అధ్యక్షుల వారు సమావేశం పుస్తకంలో రాయించుకున్నారు. నేను కాదనలేకపోయాను. రీసెట్ మీట మీది నల్లటి వేలిముద్రలు తుడిపించిన ఖర్చు మాత్రం నా నెలవారీ బిల్లులో కలుపుతారట.