విల్సన్‌ను శాంతిదూత అని చెప్పడం ఆపండి

పోటీ పరీక్షల నోట్సుల్లో అమెరికా సామ్రాజ్యవాద దశ మూడు ముక్కల్లో అయిపోతుంది. అధ్యక్షుల్లో థియోడర్ రూజ్‌వెల్ట్‌ది పెద్ద కర్ర విధానం, టాఫ్ట్‌ది డాలర్ దౌత్యం, ఉడ్రో విల్సన్‌ది నైతిక దౌత్యం. కంఠతా పట్టడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వరుసలో చదివిన పిల్లలకు ఏమనిపిస్తుంది? మొదటివాడు బెదిరించాడు, రెండోవాడు డబ్బుతో లొంగదీశాడు, మూడోవాడు మంచివాడు అనిపిస్తుంది. వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతి కోసం విల్సన్ ప్రకటించిన పద్నాలుగు సూత్రాలు, నానాజాతి సమితి, నోబెల్ శాంతి బహుమతి వస్తాయి కాబట్టి ఆ అభిప్రాయం గట్టిపడిపోతుంది. ఇది పచ్చి అబద్ధం. మెక్సికోలోకి రెండుసార్లు, హైతీలోకి, డొమినికన్ రిపబ్లిక్‌లోకి సైన్యాన్ని పంపింది ఈ మూడో ఆయనే. టాఫ్ట్ 1912లో నికరాగ్వాకు పంపిన మెరీన్లను, అంటే నౌకల మీద వెళ్లి దిగే సైనికులను, ఎనిమిదేళ్లు అధికారంలో ఉండి కూడా పూర్తిగా వెనక్కి పిలవనిదీ ఆయనే.

ముందున్నవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. 1898 జూన్ 12న ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అదే డిసెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ ప్రభుత్వం ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లిచ్చి స్పెయిన్ నుంచి తీసుకుంది. ఆ గడ్డ మీద ఉన్న మనుషులను ఎవరూ ఒక్క మాట అడగలేదు. తర్వాత మూడేళ్లకు పైగా యుద్ధం, దాని వెంట ఆకలి, కలరా. సమర్ దీవిలో ఆయుధం పట్టగల పదేళ్లు దాటిన వారినెవరినీ వదలొద్దని ఒక జనరల్ ఆదేశించాడు. అతనికి పడిన శిక్ష మందలింపు, పదవీ విరమణ. ఇక రూజ్‌వెల్ట్ సంగతి. పనామా అప్పట్లో కొలంబియాలో భాగం. అక్కడ అమెరికా కాలువ తవ్వుకునే ఒప్పందాన్ని కొలంబియా సెనేట్ తిరస్కరించింది. 1903 నవంబరు 3న పనామా విడిపోయింది, అమెరికా యుద్ధనౌక అండగా నిలిచింది, మూడు రోజుల్లో గుర్తింపు దక్కింది. 18వ తేదీన పనామా తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టింది ఒక ఫ్రెంచివాడు! ఇవన్నీ దుర్మార్గాలే. కాకపోతే వాటిని దుర్మార్గాలుగానే చదువుతున్నాం. 1921లో కొలంబియాకు రెండున్నర కోట్ల డాలర్లు ఇవ్వడానికి అమెరికా కూడా ఒప్పుకుంది. విల్సన్ దగ్గరికి వచ్చేసరికే మన గొంతులో భక్తి వచ్చేస్తుంది.

హైతీ గురించి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, బానిసలుగా ఉన్నవాళ్లు 1804లో సొంతంగా నిలబెట్టుకున్న దేశం అది. మళ్లీ తెల్లవాళ్ల తోటల కింద నలగకూడదని విదేశీయులకు భూమి హక్కు లేకుండా చట్టం చేసుకున్నారు. 1914 డిసెంబరులో అమెరికా మెరీన్లు రాజధాని పోర్టో ప్రిన్స్‌లో దిగి, జాతీయ బ్యాంకులోని 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్క్ తీసుకుపోయారు. అప్పుడు అధ్యక్షుడు విల్సన్.

మరుసటి ఏడాది జులైలో హైతీ అధ్యక్షుడు రాజకీయ ఖైదీలను సామూహికంగా చంపించాడు. జనం అతన్ని చంపేశారు. అదే రోజు మెరీన్లు దిగారు. అక్కడ అరాచకం ఉంది కాబట్టి వెళ్లక తప్పలేదని వాదించేవాళ్లు నాకు ఎప్పుడూ ఎదురవుతారు. అరాచకం ఉన్నమాట నిజం. మరి అంతకు ఏడు నెలల ముందు బంగారాన్ని ఎందుకు తరలించారు? వెళ్లినవాళ్లు 19 ఏళ్లు ఎందుకు ఉన్నారు?

వచ్చీ రాగానే కస్టమ్స్ ఆదాయం చేతుల్లోకి తీసుకున్నారు. 1917లో కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోని శాసనసభను రద్దు చేయించారు. 1918 జూన్‌లో మెరీన్ల పహారాలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. అనుకూలం 98,000 పైచిలుకు, వ్యతిరేకం 768. ఆ రాజ్యాంగంతో విదేశీయులకు భూమి కొనే హక్కు వచ్చేసింది, శతాబ్దానికి పైగా కాపాడుకున్నది పోయింది. అదే ఏడాది జనవరి 8న విల్సన్ పద్నాలుగు సూత్రాలు ప్రకటించాడు. మధ్యలో ఉన్నది ఐదు నెలలు.

రోడ్ల కోసం పల్లెల్లో రైతులను పట్టుకుపోయి వెట్టి చేయించారు, తాళ్లతో కట్టి నడిపించారు. వెట్టి ఏమిటో తెలంగాణ పల్లెలకు నేను చెప్పాలా! తిరగబడినవాళ్లకు నాయకుడు షార్ల్‌మాన్ పెరాల్ట్. అతనికీ కఠిన శ్రమ శిక్ష వేశారు, తప్పించుకుని దళం కట్టాడు. 1919లో మెరీన్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని, మారువేషంలో అతని శిబిరంలోకి చొరబడి కాల్చి చంపారు. శవాన్ని తలుపుకు కట్టి తీసిన ఫొటోను జనం భయపడాలని ఊళ్లలో పంచారు. భయపడలేదు. శిలువ మీది క్రీస్తులా కనిపిస్తున్నాడని దాన్ని దాచుకున్నారు. ఆ తిరుగుబాటులో చనిపోయిన హైతీ ప్రజల సంఖ్య అమెరికా అధికారిక లెక్కల్లోనే 2,000 దాటింది.

విల్సన్ తన కాలానికి చెందిన మనిషి, అలాగే ఆలోచిస్తాడు అంటారు. ఏ కాలం? 1893లో హవాయిని కలుపుకోవడానికి ఒప్పుకోని క్లీవ్‌లాండ్ ఆయన ముందుతరం అధ్యక్షుడే. రచయిత మార్క్ ట్వెయిన్, సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలో పనిచేసింది ఆయన కళ్లముందే. 1920లో నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ హైతీ వెళ్లి, చూసినదంతా పత్రికలో రాశాడు. తప్పును తప్పు అనడానికి ఆ కాలంలోనూ మనుషులున్నారు.

మన వాళ్లు ఆయన్ని ఎంత నమ్మారో తలచుకుంటే కడుపు రగిలిపోతుంది. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. హైకోర్టు జడ్జీగా పనిచేసిన ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ 1917లో హోమ్ రూల్ కోసం సాయం అడుగుతూ విల్సన్‌కు ఉత్తరం రాశారు. బ్రిటిష్ ప్రభుత్వం మండిపడితే ఆయన తన సర్ బిరుదునే వదిలేసుకున్నారు. 1919లో తిలక్ కూడా రాశారు. మర్యాదగా ఒక జవాబు వచ్చింది, అంతే. ఆ ఏడాది ఏప్రిల్‌లో, ఈజిప్టు నాయకులు యుద్ధానంతరం పారిస్‌లో జరుగుతున్న శాంతి సదస్సులో మొర పెట్టుకోవడానికి వస్తున్న సమయంలోనే, ఈజిప్టు మీద బ్రిటన్ పెత్తనాన్ని అమెరికా గుర్తించింది. జాతుల సమానత్వాన్ని నానాజాతి సమితి నిబంధనల్లో చేర్చాలని జపాన్ పెట్టిన ప్రతిపాదనకు అక్కడి సంఘంలో 17 మంది ప్రతినిధుల్లో 11 మంది మద్దతిచ్చారు. అధ్యక్ష స్థానంలో ఉన్న విల్సన్ ఏకగ్రీవం కావాలని చెప్పి దాన్ని పడగొట్టాడు.

ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇస్తామని 1916 చట్టంలో రాసింది ఆయన ప్రభుత్వమే, ఆ మేరకు పేరు ఇవ్వాలి. హైతీ మాత్రం ఆ పేరుకు అడ్డం వస్తూనే ఉంటుంది. సైన్యం 1934లో వెళ్లినా, ఆ దేశ ఖజానా మీద అమెరికా పట్టు 1947 దాకా సడలలేదు.

పాఠాలు చెప్పే మాస్టార్లకూ, మెటీరియల్ తయారుచేసేవాళ్లకూ నా మనవి. నైతిక దౌత్యం అన్న శీర్షిక కింద హైతీ పేరు, పెరాల్ట్ పేరు, 768 అన్న అంకె రాయండి. పరీక్షలో అడగరని వదిలేయకండి.